అమావాస్య మధ్యాహ్నం దయ్యాల ఫలహారం

మీ బిడ్డ ఆఖరి ముద్ద మింగనని మొండికేసినప్పుడు మీరు ఎవరిని పిలిచారు? నిజం చెప్పండి. కిటికీ వైపు వేలు చూపించి "అదిగో బూచాడు" అన్నారా లేదా? ముద్ద లోపలికి వెళ్ళింది. దానితోపాటు బూచాడూ వెళ్ళాడు. ముద్ద మర్నాటికి అరిగిపోయింది. బూచాడు అరగలేదు. ఆ బిడ్డకి పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా చీకట్లో పెరట్లోకి వెళ్ళాలంటే తోడు కావాలి.

దయ్యాన్ని చూపించి తిండి పెట్టడం తప్పు కాదనుకునే మన ఊళ్ళలో, తిండితో దయ్యాన్ని చేసి పిల్లలకి పెట్టినందుకు నన్ను తిట్టినవాళ్ళున్నారు. ఆ సంగతే చెబుతాను.

ఎనభైల మొదట్లో మేము రాజోలుకీ మలికిపురానికీ మధ్య, కాలవ గట్టు మీద ఒక ఊళ్ళో ఉండేవాళ్ళం. నేను అక్కడి బళ్ళో టీచర్ని. మా ఆయన కొబ్బరి ఎగుమతుల పనిమీద ఎప్పుడూ ఊళ్ళు తిరుగుతుండేవారు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ. ఆవిడ దీపం పెట్టందే కాఫీ తాగదు. నేను దీపం కేసి చూడను. అయినా ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర ఏ గొడవా లేకుండా వండుకునేవాళ్ళం. "నీకు దేవుడు లేడు, నాకు నీ సంపాదన లేదు. సరికి సరి," అనేది ఆవిడ.

మా నాన్న రాత్రిబడి నడిపిన మనిషి. అక్షరాలతోపాటు వాదించడం నేర్పేవాడు. ఇవాళ ఒక పక్షం మాట్లాడినవాళ్ళు రేపు రెండో పక్షం మాట్లాడాలి. ఎవరేం చెప్పినా ఆయన అడిగేది ఒకటే: "రుజువేదీ?" ఆ ప్రశ్నతో నేను పెద్దదాన్నయ్యాను. చాలామంది నోళ్ళు మూయించాను కూడా. అలాంటి నా నోరు ఒక ముసలావిడ అరుగు మీద మూతపడింది.

ఆవిడ మనవరాలు నా దగ్గర ఏడో తరగతి చదివేది. తల్లీతండ్రీ ఇద్దరూ కువైట్‌లో పని. పిల్ల నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. వేసవి సెలవులకి ముందు ఒకరోజు పొద్దున్న ప్రార్థన వరసలో నిలబడి, నిలబడ్డట్టే కూలిపోయింది. రాజోలు తీసుకెళ్ళాం. డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూసి, "పిల్లకి రక్తం లేదమ్మా," అన్నాడు. టానిక్కు రాశాడు, ఆకుకూరలు పెట్టమన్నాడు.

డాక్టరు అన్న ఆ ఒక్క మాట పక్క ఊరి మంత్రగాడికి కలిసొచ్చింది. రక్తం లేదట కదా, మరి ఎవరు తాగుతున్నారూ అన్నాడు. పిల్లకి గాలి సోకిందన్నాడు. మా ఊళ్ళో గుడికి వెళ్ళేవాళ్ళూ చర్చికి వెళ్ళేవాళ్ళూ దేవుడి దగ్గర వేరుగానీ, ఆ మంత్రగాడి అరుగు మీద పక్కపక్కనే కూర్చునేవారు. ఈ ముసలావిడ ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషే. పౌర్ణమి నాడు అతన్ని ఇంటికి పిలిపించింది. అతను పిల్ల తల మీద ముసలావిడచేతే నిమ్మకాయ పట్టించి కోశాడు. కాయలోంచి ఎర్రగా కారి, పిల్ల నుదుటి మీద పడి, ముక్కు పక్కనుంచి జారింది. చూడ్డానికొచ్చిన వీధి వీధంతా కేకలు పెట్టింది. వచ్చే అమావాస్య సాయంత్రం కాల్చిన పసుపు కొమ్ముతో కనుబొమ్మల మధ్య వాత పెడితే గాలి వదిలిపోతుందని చెప్పి అతను వెళ్ళాడు.

ఆ రోజు నుంచీ పిల్ల అన్నం మానేసింది. తను ఏం తిన్నా లోపలున్న దానికే పోతుందని, తిన్నకొద్దీ అది బలుస్తుందని ఎవరో చెప్పారు. టానిక్కు సీసా మూత తీయలేదు. నాయనమ్మ బతిమాలితే పూటకి రెండు గుక్కలు మజ్జిగో గంజో మాత్రం తాగేది.

నాకు తెలిసిన వెంటనే వెళ్ళాను. ముసలావిడ అరుగు మీద కూర్చుని కొబ్బరి ఆకులు చీరి ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"రండి టీచరమ్మగారూ, కూకోండి. ఎండన పడొచ్చేరు."

కూర్చోలేదు. నాకు తెలిసిన వాదనలన్నీ చెప్పాను. రక్తం అంటే ఏమిటో, తక్కువ కావడం అంటే ఏమిటో, ముఖం మీద వాత పడితే ఆడపిల్ల జన్మంతా దాన్నెలా మోయాలో చెప్పాను. ఆవిడ చివరిదాకా వింది. ఆకు చీరడం ఆపలేదు.

"ఆయ్. తవరు చదువుకున్నోరు, కాదంటానేంటండీ. మరి నిమ్మకాయలో నెత్తురు ఎక్కణ్ణించొచ్చిందండీ?"

"అది మోసం."

"ఏం మోసమండీ? కాయ మా చెట్టుది. నా చేత్తో నేనే కోసి తెచ్చేను. ఆయన కాయని ముట్టుకోను కూడా లేదు, నన్నే పట్టుకోమన్నాడు. ఎర్రగా కారింది, నా చెయ్యి తడిసింది. అదెలాగొచ్చిందో ఒక్క ముక్క చెప్పండి. వాతా వద్దు, మంత్రమూ వద్దు, ఆపించేస్తాను. చెప్పండి మరి."

నా దగ్గర ఆ ఒక్క ముక్కా లేదు. "రుజువేదీ" అని అడగడమే తెలిసినదాన్ని, నన్ను రుజువు అడిగితే బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాను.

"పిల్ల కళ్ళెదుట పడిపోతంటే నేనేం చెయ్యనండీ? రేపు కొడుకూ కోడలూ వచ్చి మా పిల్లేదే అంటే ఎవర్ని చూపించను? మీరు మాట చెప్పి వెళ్ళిపోతారు."

ఇంటికొచ్చి నిమ్మకాయల మీద పడ్డాను. సూదితో కుంకుమ నీళ్ళు ఎక్కించి చూశాను. కానీ ఆవిడ చెట్టు కాయకి ఎవరు సూది గుచ్చుతారు? పసుపూ సున్నమూ కలిపి పూసి చూశాను. నిమ్మరసం తగలగానే ఎరుపు పోయి మళ్ళీ పసుప్పచ్చే అయింది. మా అత్తగారు నవ్వింది. "దయ్యం సంగతేమోగానీ, ఈ ఇంట్లో పచ్చడికి కాయ మిగలనిచ్చేలా లేవు."

పోనీ, కనీసం పిల్లచేత ఏదైనా తినిపించాలి. ఉపన్యాసాలతో అది కాదని నాకు అప్పటికే తెలుసు. బళ్ళో దయ్యాలు లేవని చెబితే పిల్లలు బుద్ధిగా తలలూపేవారు, సాయంత్రం కొబ్బరి ఎండబెట్టే పాత షెడ్డు వస్తే చెప్పులు చేత పట్టుకుని పరిగెత్తేవారు. బుర్రతో ఒప్పుకున్నది కాళ్ళకి తెలియలేదు. అప్పుడొచ్చింది నాకు ఈ ఆలోచన. దయ్యాన్ని వాళ్ళే చెయ్యాలి. చేత్తో పిసికి, కళ్ళు పెట్టి, పళ్ళు పెట్టి, నోట్లో వేసుకుని నమలాలి. ఎప్పుడు? అమావాస్యనాడు, మిట్టమధ్యాహ్నం, దయ్యాలు తిరిగే వేళ అని ఊరంతా తలుపులు వేసుకునే సమయంలోనే.

ముసలావిడని మళ్ళీ అడిగాను. ఆవిడ ఈనెల కట్ట పక్కన పెట్టింది. "తీసుకెళ్ళండి. మీ ఇంట్లోనన్నా నాలుగు మెతుకులు తింటదేమో. దీపాలేళకి మాత్రం పంపించెయ్యండి. ఆయనొస్తాడు."

అమావాస్య నాడు పొద్దున్నే మా పక్కింటావిడ గోడ మీదుగా తల పెట్టింది. "ఏంటొదినా, అమావాస్యపూట పిల్లలచేత దయ్యాలు చేయిస్తన్నారంట?"

మా అత్తగారు పిండి జల్లిస్తూ తల ఎత్తలేదు. "పాకుండలే చేస్తన్నాం వదినా. కాస్త ఆకారం మారింది, అంతే. మీ ఆయన ఆకారం మారితే మీరు అన్నం పెట్టడం మానేసేరా?"

ఆ తల గోడ వెనక్కి వెళ్ళిపోయింది. కానీ కాసేపట్లోనే వీధి మొత్తానికి తెలిసింది.

పిల్లలు ఆరేడుగురు వచ్చారు, పక్కింటావిడ కళ్ళుగప్పి ఆవిడ మనవడు కూడా. వాళ్ళలో పోస్టుమాస్టరుగారి కూతురు నోరున్న పిల్ల, ఎవర్నీ మాట్లాడనివ్వదు. ఆఖర్న, నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఈ పిల్ల వచ్చింది. మెడలో తాయెత్తు, మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. మిగతా పిల్లలు చప్పున పక్కకి జరిగారు. ఆమె చుట్టూ చాపంత జాగా ఖాళీ అయింది. ఆమె ఆ ఖాళీ మధ్యలో కూర్చుంది, అలవాటైనట్టు.

పని మొదలుపెట్టాం. నిజానికి అది పిల్లలెవరైనా చేయగల పని. పాకుండల పిండి మా అత్తగారు బెల్లం పాకం పట్టి, బియ్యప్పిండి పోసి ముందే కలిపి ఉంచింది. నిమ్మకాయంత ముద్ద తీసుకుని అరచేతుల మధ్య దొర్లిస్తే వేలు. మధ్యలో పుల్లతో రెండు గీతలు గీస్తే కణుపులు. కొసన జీడిపప్పు బద్ద నొక్కితే గోరు. నూనెలో వేయించి తీస్తే, ఎండలో మాడిన ముసలి వేళ్ళలా, గోళ్ళు పైకి లేచి, చూస్తేనే ఒళ్ళు జలదరించేలా వచ్చాయి.

"మామ్మగారండీ, ఇది ఎవరి వేలండీ?" అంది పోస్టుమాస్టరుగారి కూతురు.

"పొద్దున్న గోడ మీద చూసేవే, ఆవిడది."

పిల్లలు పడీపడీ నవ్వారు. ఈ పిల్ల నవ్వలేదు. కానీ చేతులు కదులుతున్నాయి. ఆమె చేసిన వేలుకి మూడు కణుపులూ సరిగ్గా ఉన్నాయి.

తర్వాత ముంజెలు. తొక్క తీసిన ముంజె పళ్ళెంలో పెట్టి, నడుమ గుంటలో అప్పుడే వస్తున్న నేరేడుపండు ముక్క పెడితే కన్ను. తడితడిగా, వణుకుతూ, మనల్నే చూస్తుంది. ఆత్రేయపురం వైపు చుట్టాలు పంపిన పూతరేకుల రేకులు ఉన్నాయి. చక్కెరకేళి అరటిపండుని సగానికి కోసి నిలబెట్టి, తడిగుడ్డతో మెత్తబరిచిన రేకు పైన కప్పితే తెల్లచీర దయ్యం. కళ్ళకి రెండు లవంగాలు. పొయ్యి గట్టు మీద వరసగా నిలబెట్టాం. గాలికి రేకుల అంచులు రెపరెపలాడితే చిన్నవాడొకడు నా చీర చెంగు పట్టుకున్నాడు.

"చేసింది నువ్వే కదరా," అన్నాను.

"ఆయ్. నేనేనండి. అయినా అది నాకేసే చూస్తందండి."

నేను ఈ పిల్ల దగ్గర కూర్చున్నాను. ఆమె చేసిన దయ్యం మిగతావాటికంటే చిన్నది. కళ్ళు రెండూ దగ్గరగా పెట్టింది.

"ఇది తింటావా?"

తల అడ్డంగా ఊపింది. నాకు మాత్రమే వినబడేలా అంది: "నేను తింటే దానికెళ్తుందండి."

"దయ్యాన్నే నువ్వు తినేస్తున్నావు కదా?"

"అప్పుడు రెండవుతాయండి."

దూరంగా కాలవ రేవులో ఎవరో బట్టలు బండకేసి కొడుతున్నారు. ఎండ గడప దాటి లోపలికి వచ్చి, మళ్ళీ వెనక్కి జరగడం మొదలుపెట్టింది. దీపాల వేళ వరకే నాకు గడువు.

ఇక షర్బత్తు మిగిలింది. రక్తంలా ఎర్రగా ఉండాలని పిల్లల పట్టు. మా పెరట్లో ఎర్ర మందారం విరగబూసింది. పువ్వులు కోసుకొచ్చి, పోస్టుమాస్టరుగారి కూతురు కత్తిపీట ముందు కూర్చుని రేకుల్ని సన్నగా తరిగింది. పింగాణీ బేసిన్లో వేడినీళ్ళు పోసి వేస్తే రంగు దిగింది. కానీ ఎరుపు కాదు, నేరేడుపళ్ళు కడిగిన నీళ్ళలాంటి దిగులు రంగు. పిల్లలు మొహాలు వేలాడేశారు. పంచదార వేసి, పులుపుకి నిమ్మకాయ పిండితే తాగడానికైనా బాగుంటుందని మా అత్తగారు అంది. పిల్లలందరికీ చేతులు పిండితో నిండి ఉన్నాయి. ఈ పిల్ల ఒక్కతే చేతులు కడుక్కుని కూర్చుంది.

"నువ్వు కొయ్యి తల్లీ," అని మా అత్తగారు ఆమె చేతిలో నిమ్మకాయ పెట్టింది.

ఆమె కత్తిపీట ముందు కూర్చుని, కాయని రెండు చేతులా పట్టుకుని దాని ఇనప అలుగు మీదకి నొక్కింది.

ఎర్రగా కారింది. అలుగు మీదుగా, ఆమె వేళ్ళ మీదుగా, మణికట్టు మీదకి.

ఎవరూ అరవలేదు మొదట. ఆమె చేతులు విడిపోయాయి. ఒక బద్ద నేల మీద పడింది. రెండోది ఎగిరి బేసిన్లో పడింది. పడిన చోట ఆ దిగులు నీళ్ళు ఎర్రబడ్డాయి. ఎరుపు బద్ద చుట్టూ పాకుతూ అంచుల వైపు వెళుతోంది.

అప్పుడు లేచాయి కేకలు. పిల్లలు ఒకరిమీదొకరు పడుతూ వీధిలోకి పరిగెత్తారు. పక్కింటావిడ వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏసు రక్తం! ఏసు రక్తం! నేను ముందే చెప్పేనా?" అంటూ తన మనవణ్ణి రెక్క పట్టుకుని లాక్కుపోయింది. మా అత్తగారు గోడకి ఆనుకుంది, పెదవులు కదులుతున్నాయి.

నా సంగతి అడుగుతారా? నేనూ భయపడ్డాను. అబద్ధం చెప్పను. మా చెట్టు కాయ, మా కత్తిపీట, మా ఇల్లు. మంత్రగాడు ఎక్కడా లేడు. రుజువు నా కళ్ళెదుట నేల మీద కారుతోంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆ పిల్లకి దూరంగా అడుగు వెయ్యాలనిపించింది. పిల్లలు జరిగి ఖాళీ చేసినట్టు నేనూ ఖాళీ చెయ్యబోయాను.

ఆమె కదల్లేదు. ఎర్రటి చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఇక్కడిక్కూడా వచ్చేసిందండి," అంది. ఏడుపు కూడా లేదు ఆ గొంతులో. "వాత పెట్టించెయ్యండి."

ఆ మాట నన్ను మళ్ళీ మనిషిని చేసింది. బేసిన్ వైపు చూశాను. నీళ్ళకి ఏ పిల్లా లేదు, ఏ గాలీ లేదు. అవి పూల నీళ్ళు. నిమ్మబద్ద పడితే ఎర్రబడ్డాయి. నేను ఇంకో కాయని పంటితో కొరికి, తెరిచి, బేసిన్‌లో ఇంకో పక్క పిండాను. అక్కడా ఎర్రబడింది. అలుగు వైపు చూశాను. మందార రేకులు తరిగిన పసరు ఎండి దాని మీద నల్లటి చారలా అంటుకుని ఉంది.

మా నాన్న రాత్రిబడిలో ఇంకో మాట కూడా చెప్పేవాడు: అనుమానం వస్తే ఒకేసారి ఒకటే మార్చి చూడు, రెండు మార్చావంటే ఏదీ తేలదు. నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

"అలుగు కడుగు."

"నేనాండీ?"

"నువ్వే. నేను ముట్టుకోను. ఎవర్నీ ముట్టుకోనివ్వను."

ఆమె బూడిద తీసుకుని తోమింది. నీళ్ళు పోసింది. గుడ్డతో తుడిచింది. ఇది తప్పితే నేనే ఈ పిల్లకి వాత పెట్టినట్టు. కాయ తీసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని కోసింది.

తెల్లటి రసం. రెండు గింజలు రాలాయి.

ఆమె కళ్ళు తెరిచి చూసింది. వేళ్ళు వాసన చూసుకుంది. నా వైపు తిరగలేదు. తనే లేచి పెరట్లోకి వెళ్ళి ఒక పువ్వు తెచ్చి, అదే అలుగుకి రెండు వైపులా రుద్దింది. కాస్త ఆరనిచ్చి, ఇంకో కాయ కోసింది. ఎరుపు. కడిగింది, కోసింది. తెలుపు. రుద్దింది, కోసింది. ఎరుపు. వీధిలోకి పారిపోయిన పిల్లలు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏయ్, నేనూ కోస్తానే, నాకియ్యవే," అంది పోస్టుమాస్టరుగారి కూతురు.

"ఉండు. ఇంకోసారి చూడాలి," అంది ఈ పిల్ల. ఎన్నో రోజుల తర్వాత ఆమె ఇంకో పిల్లతో అన్న మొదటి మాట అది.

"ఒసే తల్లీ, కాయలన్నీ అవగొట్టేవు, పులిహోరకి ఒక్కటన్నా ఉంచు," అంది మా అత్తగారు.

నేను ఒక ప్రశ్న మాత్రం అడిగాను. "ఆ రోజు కత్తి ఎవరిది?"

పిల్ల అలుగు కేసి చూసింది. "ఆయన సంచీలోంచి తీసేరండి," అంది. "నల్లగా ఉందండి."

దీపాల వేళకి ముందే నాయనమ్మ వచ్చింది. వీధిలోనే ఎవరో చెప్పినట్టున్నారు, ఆయాసపడుతూ వచ్చింది. "మీ ఇంట్లోనూ కారిందంట కదండీ! ఇప్పుడన్నా నమ్మేరా?"

నేను నోరు తెరవబోయి ఆపుకున్నాను. పిల్లే నాయనమ్మని చెయ్యి పట్టుకుని కత్తిపీట దగ్గర కూర్చోబెట్టింది. మిగిలిన కాయలతో కడిగి ఒకటి, రుద్ది ఒకటి కోసి చూపించింది. ముసలావిడ ఎరుపుని వేలితో తీసి, నాలిక్కి రాసుకుని, ఉమ్మేసింది. ఒప్పుకున్నట్టూ లేదు, ఒప్పుకోనట్టూ లేదు. "పద, ఆయనొచ్చే వేళయింది," అంది.

ఇంత జరిగాక కూడానా? వాళ్ళ వెనకే వెళ్ళాను. పోస్టుమాస్టరుగారి కూతురు ఒక విస్తరాకులో దయ్యాన్ని చుట్టి, పిలవకపోయినా నా వెనకే వచ్చింది.

మంత్రగాడు అప్పటికే వాకిట్లో కూర్చున్నాడు. కుంపట్లో నిప్పులు, నిప్పుల్లో పసుపు కొమ్ము. దాని కొస ఎర్రగా రాజుకుంటోంది. వీధిలో జనం. అతను సంచీ విప్పి కత్తి తీశాడు. ముందు కాయ కోసి చూసి, గాలి ఎంతవరకూ దిగిందో చెబుతానన్నాడు.

ముసలావిడ లోపలికి వెళ్ళి తన కత్తిపీట తెచ్చి అతని ముందు పెట్టింది.

"కాయ మాది. కత్తి కూడా మాదే. దీంతో కొయ్యండి."

అతను నవ్వాడు. "నా కత్తికి మంత్రం ఉంది మామ్మా. ఆడోళ్ళు కూర తరిగేదాంతో అయ్యే పనేనా?"

"మరైతే నెత్తురొచ్చేది కత్తి మంత్రానికాండీ, పిల్లలో ఉన్నదానికాండీ? పిల్లలోనే ఉంటే ఏ కత్తికైనా రావాలి కదా."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. అతని మొహం మారింది. కత్తి సంచీలో పడేసి లేచాడు. "పరీక్షలు పెడతన్నావా? సరే. వచ్చే పౌర్ణమి లోపల ఈ పిల్ల నెత్తురు కక్కుకోకపోతే నన్నడుగు. నాకేం జవాబుదారీ లేదు."

ముసలావిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆ చెయ్యి అతన్ని వెనక్కి పిలవబోతోందని నాకు అర్థమైంది. నిప్పుల్లో కొమ్ము కాలుతున్న వాసన వస్తోంది. నేను ఒక్క మాటంటే ఆవిడకి పరువు అడ్డొచ్చి, పంతానికైనా అతన్ని పిలుస్తుంది. అనకపోతే పిల్ల నుదురు కాలుతుంది. జీవితంలో నేను అంత కష్టంగా నోరు మూసుకున్న సందర్భం ఇంకోటి లేదు.

"నాయనమ్మా," అంది పిల్ల. "ఆకలేస్తంది."

ముసలావిడ తిరిగి చూసింది.

"ఏమన్నావే?"

"ఆకలేస్తందే. అన్నం పెట్టు."

అంతే. ఆవిడ మంత్రగాణ్ణి మర్చిపోయింది, జనాన్ని మర్చిపోయింది, చెంగు దోపుకుని వంటింట్లోకి పరిగెత్తింది. లోపల గిన్నెలు మోగాయి. అన్నం వచ్చేదాకా ఆగలేక పోస్టుమాస్టరుగారి కూతురు విస్తరాకు విప్పింది. రేకు నలిగి, ఒక లవంగం ఊడిపోయి, ఒంటికన్నుతో ఉంది దయ్యం. ఈ పిల్ల ఆ రెండో లవంగం కూడా పీకేసి, తల నుంచి మొదలుపెట్టి, పళ్ళు కనబడేలా కొరికింది. మంత్రగాడు వాకిలి దాటుతూ అది చూశాడు. ముసలావిడ వచ్చేటప్పుడు ఒక చేత్తో మునగాకు కూర కలిపిన అన్నం, రెండో చేత్తో చెంబెడు నీళ్ళు తెచ్చింది. నీళ్ళు కుంపట్లో పోసింది.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి, లేకపోతే ఇది కట్టుకథ అవుతుంది. ఊరు మారిపోలేదు. అతను ఇంకో ఊరికి మకాం మార్చాడు, అక్కడ జనం బాగానే పోగయ్యారు. ముసలావిడ పిల్ల మెడలో తాయెత్తు తియ్యనివ్వలేదు. అది ఆవిడ ధైర్యం కోసమని నేనూ ఊరుకున్నాను. పౌర్ణమి దాకా రోజూ ఏదో వంక పెట్టుకుని ఆ ఇంటి ముందునుంచి వెళ్ళేదాన్ని. పిల్ల దగ్గితే నా ప్రాణం గొంతులోకి వచ్చేది. హేతువాదినే, అయినా వచ్చేది. పౌర్ణమి వచ్చింది, పోయింది. టానిక్కు సీసా ఖాళీ అయింది. బడి తెరిచిన రోజు ఆమె ప్రార్థన వరసలో చివరిదాకా నిలబడింది. నుదురు నున్నగా ఉంది.

ఆ అలుగు మీద పసరు లేకపోతే, ఆ రోజు మేము షర్బత్తుకి ఇంకేదైనా పువ్వు వాడి ఉంటే, ఆ నుదురు ఎలా ఉండేదో అనే ఊహ నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఒక పిల్ల ముఖం అలాంటి యాదృచ్ఛికం మీద ఆధారపడకూడదు.

కాబట్టి ఈ పుస్తకం పక్కన పెట్టి లేవండి. మీ పెరట్లో మందారం ఉంది. లేకపోతే పక్కింట్లో ఉంది. మీ ఇంటి పిల్లల్ని కత్తిపీట దగ్గర కూర్చోబెట్టండి. పాకుండల పిండితో వేళ్ళు చేయించండి, ముంజెలతో కళ్ళు చేయించండి, నవ్వనివ్వండి, భయపడనివ్వండి. ఆ తర్వాత పువ్వు వాళ్ళ చేతికిచ్చి అలుగుకి రుద్దమనండి, కాయ వాళ్ళచేతే కోయించండి, వాళ్ళచేతే కడిగించి మళ్ళీ కోయించండి. మీరు ముట్టుకోకండి. ఏ సంచీలోంచో నల్లటి కత్తి బయటికి వచ్చే రోజు కోసం ఆగకండి. ఇవాళే చెయ్యండి.